పిడులు లేని చక్రాల కుర్చీ

2005 జూన్‌లో నన్ను కడప నుంచి కర్నూలులోని ఒక పాలిటెక్నిక్‌కు సీనియర్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. నేను చెప్పే సబ్జెక్టు ఎస్టిమేటింగ్ అండ్ కాస్టింగ్. ఒక వస్తువు చేయడానికి ముడిసరుకు ఎంత, కూలి ఎంత, కరెంటులాంటి పైఖర్చులు ఎంత అని ముందే లెక్కగట్టడం అందులో పాఠం. పిల్లలకు దానంత నిద్ర తెప్పించే పాఠం మరొకటి లేదు. ఆ ఏడు చివరి సంవత్సరం వాళ్ల చక్రాల కుర్చీ ప్రాజెక్టుకు ప్రిన్సిపాల్ నన్ను గైడుగా వేశారు. దానికి మంజూరైన గ్రాంటుకు పైసా మించకూడదన్నది ఆయన ఆదేశం.

ప్రాజెక్టు తెచ్చింది హసీనా అనే విద్యార్థిని. ఆమెది కోడుమూరు. వాళ్ల వీధిలో సుంకులమ్మ అనే ఆవిడ ఉండేది. చిన్నప్పుడే పోలియోతో కాళ్లు పడిపోయాయి గానీ, బట్టలు కుట్టడంలో మంచి పనితనం ఉన్న మనిషి. బజారులో బట్టల కొట్టు నడిపే శెట్టిగారు తన కొట్టు ముందు మిషను వేసుకోమన్నారు. రోజూ కొట్టు తెరిచే వేళకు తనంతట తాను రావాలని మాత్రం షరతు పెట్టారు. ఆమెకు ఏదో క్యాంపులో ఇచ్చిన కుర్చీ ఆస్పత్రి వరండాలకు తగిన రకం. దాని సన్నటి ముందు చక్రాలు నల్లరేగడిలోనూ కంకరలోనూ దిగబడిపోయేవి. తమ్ముడు తోస్తేనే కదిలేది, తమ్ముడికేమో చేను పని. ఉగాది లోపల రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని శెట్టిగారు కచ్చితంగా చెప్పేశారు.

హసీనా, ప్రాజెక్టులో ఆమె జోడీ శివయ్య కలిసి గీసిన మొదటి నమూనా బాగుంది. లెక్కగడితే మంజూరు దాటిపోయింది. వెడల్పాటి ముందు చక్రాలకే ఎక్కువ పోతోంది. వాటిని తగ్గించమన్నాను. అవి తగ్గిస్తే మిగతా కుర్చీ అంతా దండగని హసీనా ఒప్పుకోలేదు. మాట నిజమే. మరేది తగ్గిస్తావని అడిగాను.

"అది సుంకులమ్మక్కనే అడగల్ల సార్," అంది.

వాల్యూ ఎనాలిసిస్ అని మా సబ్జెక్టులో ఒక పద్ధతి ఉంది. ప్రతి భాగాన్నీ నువ్వు చేసే పని ఏమిటి, ఆ పనికి ఇంత ఖర్చు తగునా అని నిలదీయడమే అది. సాధారణంగా దాన్ని బల్ల చుట్టూ కూర్చుని కాగితం మీద చేస్తారు. ఈ పిల్లలు క్యాంపులో ఇచ్చేలాంటి పాత కుర్చీనే ఒకదాన్ని విప్పి, భాగాలన్నీ వర్క్‌షాపు నేల మీద పరిచారు. అది కడప బండలు పరిచిన నేల. ఒక్కో భాగం పక్కన ఆ నల్లటి బండ మీదే సుద్దతో ధర రాశారు. తర్వాత సుంకులమ్మను ఆటోలో తీసుకొచ్చి వాటి మధ్య దించారు. ఆ పద్ధతిని అంత శుభ్రంగా అమలు చేసిన వాళ్లను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా పెద్దగా చూడలేదు.

సుంకులమ్మ చేతుల మీద జరుగుతూ ఒక్కో భాగం దగ్గర ఆగింది. మెరుగు పూత వద్దు, రంగు చాలంది. మడిచే ఏర్పాటు చూసి, "దీన్ని మడిచి నేను యాడికి పోతాను?" అంది. అక్కడికే చాలా ఖర్చు తగ్గింది. చివరికి వెనక తోయడానికి ఉండే పిడుల దగ్గర ఆగి, ఇవి కూడా తీసేయమంది. నేను అడ్డుపడ్డాను. వాటి ధర పెద్దదేమీ కాదు, ఎప్పుడైనా ఎవరైనా సాయం పట్టాల్సి వస్తే ఎట్లా అని అడిగాను.

"వచ్చేటోళ్లు పోయేటోళ్లు అందరూ పట్టుకుంటాండారు సార్. నేను ఈడ ఆగల్లంటే ఆడికి తోస్తారు. మాట్లాడుకుంటా మాట్లాడుకుంటా నన్ను గోడ తట్టు తిప్పి పెట్టి పోతారు. నన్ను అడిగి తోసినోళ్లు ఒక్కరూ లేరు. ఎనక ఎవరుండారో నాకు కనపడదు."

పిడులు తీసేయడానికి ఒప్పుకున్నాను. కానీ గడపలు, ఎత్తుపల్లాల సంగతి తేలేదాకా సంతకం పెట్టనన్నాను.

పరిష్కారం శివయ్య తెచ్చాడు. ఇంట్లో మంచానికి అల్లగా మిగిలిన నవారు ముక్క అది. దాని రెండు కొసలనూ ఫ్రేము ముందు కడ్డీకి బిగించి, మధ్యభాగాన్ని సీటు కింద మడిచి పెట్టారు. కావలసినప్పుడు ఆమే తీసి ఇస్తుంది. లాగేవాళ్లు ఆమె కళ్లెదుటే ఉంటారు. పిడులు పోవడంతో వీపు పైపులను వంచే పని తప్పింది, పొట్టిగా కోయడం వీలైంది. ఆమె చేతులు ఆడటానికి అడ్డమూ తగ్గింది. అలా మిగిలినదంతా ముందు చక్రాలకు చాలింది. వాళ్ల ఎస్టిమేటు మీద సంతకం పెట్టేటప్పుడు నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

ప్రాజెక్టు పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తారు. గ్రాంటుతో చేసిన వస్తువు వాడకానికి యోగ్యమని ఆయన రాస్తేనే గేటు దాటుతుంది. వచ్చినాయన చండశాసనుడు. ఖర్చుల పట్టిక చూసి తల ఊపారు. కుర్చీ వెనక్కి వెళ్లి చూసి, పిడులు లేకపోతే ఇది అసంపూర్ణమే, డబ్బు మిగల్చడానికి భద్రత కోసేశారన్నారు. ఉగాది ఎంతో దూరంలో లేదు. నేను ఏదో చెప్పబోతుంటే హసీనా ఆపి, ఒకసారి అక్క నడుపుతుంది, చూడండని ఆయన్ను అడిగింది.

సుంకులమ్మ ఆవరణలోని కంకర మీదుగా తనే చక్రాలు తిప్పుకుంటూ వచ్చింది. హాలు గడప దగ్గరికి వస్తుండగా ఎగ్జామినర్ అలవాటుకొద్దీ సాయానికి వెనక్కి వెళ్లారు. పట్టుకోవడానికి ఆయన చేతులకు ఏమీ దొరకలేదు. ఆమె ఆగి, సీటు కింది నుంచి నవారు తీసి చాచింది.

"ముందరికి రాండి సార్. ఇది పట్టుకోండి. నేను చెప్పినాక లాగండి."

ఆయన ముందుకొచ్చి పట్టుకున్నారు. ఆమె చెప్పేదాకా ఆగారు.

యోగ్యమని రాసి వెళ్లారు. ఉగాదికి ముందే, శెట్టిగారు షట్టరు ఎత్తే వేళకు సుంకులమ్మ కొట్టు ముందు ఉందని హసీనా వచ్చి చెప్పింది. రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచికీ ఆ పాఠాన్ని నేను బండల మీద సుద్దతోనే చెప్పాను. ఖర్చు తగ్గించేటప్పుడు ఏది పోవాలో ముందు వాడే మనిషి చెప్పాలి, అది పోతే ఎంత మిగులుతుందో తర్వాత ఇంజనీరు లెక్కగట్టాలి. ఆ వరస తప్పకూడదు.