పక్కింటి అక్క విరబోసిన జుట్టు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క దగ్గర ఒక పాత క్యాసెట్ ఉండేది. గుజరాత్ బోట్ల మీద చేపల వేటకు వెళ్ళిన వాళ్ళ అన్నయ్య అక్కడి పాత సామాన్ల బజారులో కొని తెచ్చాడు. ఎనభైలలో ఎప్పుడో చేసిన ఇంగ్లీషు రాక్ పాటలు. పాడిందీ, వాయించిందీ నలుగురూ ఆడవాళ్ళే. డబ్బాలో మడతపెట్టిన కాగితం మీద వాళ్ళ బొమ్మ ఉండేది. పైకి లేచి నిలబడ్డ జుట్టు, కళ్ళ చుట్టూ మందంగా కాటుక, ఎర్రటి పెదాలు, నల్లటి గోళ్ళు, చేతుల్లో గిటార్లు, వెనకాల మంటలు.

అక్కకి వాళ్ళంటే పిచ్చి. పొద్దున్నే పూండిలో రైలెక్కి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళేది. సాయంత్రం ఇంటికి రాగానే టేప్‌రికార్డర్ పెట్టేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా గొంతెత్తి పాడేది. "మగోడి ఎనకాల డేన్సులు కట్టడానికి రాలేదే ఈలు. అన్నీ ఈలే వాయిత్తన్నారు. అంతలా అరిసినా ఆ పెదాల రంగు సెదిరిందేటి సూడు!" అని మురిసిపోయేది. జీడి రసానికి నల్లబడిన తన గోళ్ళను ఆ బొమ్మ పక్కన పెట్టి, తనకి రంగు కొనే పనే లేదని నవ్వేది. నాకేమో డ్రమ్ములు వాయించే ఆవిడ నచ్చేది. కింది పెదవి కరుచుకుని, ఎవరి మీదో కసి తీర్చుకుంటున్నట్టు ఉండేది ఆవిడ.

ఆ బొమ్మ చూపిస్తే మా నాయనమ్మ గబుక్కున చేతులు జోడించింది. "ఓలమ్మ, నలుగురికీ ఒక్కపాలే పూనేసిందేటే!" అంది. ఆవిడ తప్పేం లేదు. మా వాడలో మగవాళ్ళు సముద్రం మీద ఉండగా ఆడది జుట్టు విరబోసుకుంటే కీడని తిట్టేవారు. అమ్మవారు పూనిన మనిషిని తప్ప ఆవిడ అలాంటి జుట్టుతో ఎవరినీ చూసి ఎరగదు.

తర్వాత అక్కకి కాళ్ళు వాచాయి. అన్నం సయించడం మానేసింది. మా ఉద్దానం పల్లెల్లో ఆ రెండు మాటలు వింటే చాలు, ఎవరూ ఇంకేమీ అడగరు. వాళ్ళ నాన్న పోయిందీ ఆ జబ్బుతోనే. కిడ్నీలు పాడయ్యాయి, విశాఖపట్నం తీసుకెళ్ళి రక్తం శుభ్రం చేయించకపోతే బతకదన్నారు.

బయలుదేరే పొద్దున వాడలో ఆడవాళ్ళంతా వాకిట్లో చేరారు. మనిషి లోపల నిక్షేపంగా కూర్చుని ఉండగానే కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుపు మొదలెట్టారు. అలాంటి పరామర్శలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. "నానెల్లను. ఈలు నన్నప్పుడే సంపేసినారు. ఆ ఏడుపుల మద్దెలోంచి ఎలా నడిసెల్లమంటారు?" అంది. వాళ్ళమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది. బయట ఆటో హారన్ కొడుతూనే ఉంది.

ఏమనిపించిందో, అక్క లేచి తలగడ కింద నుంచి క్యాసెట్ కాగితం తీసి చాలాసేపు చూసింది. "ఒలే గుంటా, దువ్వెన తే" అని నాతో అంది. జుట్టును కింద నుంచి పైకి, చిక్కు పడేలా దువ్వమంది. దువ్వుతుంటే వెంట్రుకలు కుచ్చులుగా ఊడి నా చేతిలోకి వచ్చేవి. కాటుక తనే పెట్టుకుంది. ఒక కంటి కాటుక పక్కకి పోతే రెండో కంటికి కూడా అలాగే దిద్దింది. భయమేస్తోందా అని అడిగాను.

"ఏత్తంది. శానా బయమేత్తంది. అలాగని బయపడిపోయినట్టు కనబడాలేటే?"

గుమ్మంలోకి వచ్చి నిలబడగానే ఏడుపులు టక్కున ఆగిపోయాయి. వేటకు వెళ్ళిన పడవలు ఇంకా రాలేదు. అయినా ఎవరూ కీడు అనలేదు. మా నాయనమ్మ "అమ్మోరే తల్లీ!" అంటూ బిందెడు పసుపునీళ్ళు తెచ్చి అక్క కాళ్ళ మీద కుమ్మరించింది. అంతే, మిగతావాళ్ళు పక్కకి జరిగి దండాలు పెట్టారు. అక్క కాదనలేదు. నా చెయ్యి గట్టిగా నొక్కి, "నవ్వేవంటే తంతాను" అని గొణిగింది. ఆటో ఎక్కే ముందు ఆ పాటల్లో వాళ్ళు పెట్టే కేకలాంటిది ఒకటి పెట్టింది. బాబోయ్, వాడ వాడంతా అదిరిపోయింది. ఆ కేకకి వాళ్ళమ్మ కూడా నోరు తెరిచి చూసింది.

అక్క ఆ ఏడు దాటలేదు. ఇరవై రెండేళ్ళన్నా నిండని పిల్ల. కానీ ఆ రోజు మొదలు, ఆస్పత్రికి వెళ్ళిన ప్రతిసారీ తన కాళ్ళ మీద తనే నడిచి ఆటో ఎక్కింది.

రెండేళ్ళ కిందట నా కాళ్ళూ వాచాయి. ఇప్పుడు విశాఖ దాకా పోనక్కర్లేదు, పలాసలోనే రక్తం శుభ్రం చేస్తున్నారు. వెళ్ళే రోజు మా అమ్మాయి జడ వేస్తానంటుంది. వద్దంటాను. మిగిలిన నాలుగు వెంట్రుకలనే కింద నుంచి పైకి దువ్వుకుని, కాటుక పెట్టుకుని, పెదాలకి ఎర్ర రంగు వేసుకుని బయలుదేరతాను. సూది గుచ్చే నర్సమ్మ నన్ను చూసి, "ఏటక్కా, పెళ్ళికేటి ఎల్తన్నావు?" అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. చాలా భయమేస్తుంది. ఆ సంగతి మాత్రం ఆ నర్సు పిల్లకి ఇంతవరకూ తెలియనివ్వలేదు.