సరంగు కేకకు రెండో ఇల్లు

తెనాలిలో ఒక మందుల షాపు మేడ మీద నుంచి మూడు నెలలకోసారి వెలువడే ‘ఊరి జాడ’ అనే చరిత్ర పత్రికను చాలామంది వెనక నుంచి చదవడం మొదలుపెడతారు. కారణం ఉంది. ఆ సంచికలో రాసినవాళ్ళ గురించి చివరి పేజీలో తలా రెండు ముక్కలు ఉంటాయి. అవి చదివితే ఇది చరిత్ర పత్రికా, సంతలో జనమా అనిపిస్తుంది. మంత్రసానుల మీద రాసిన రత్నకుమారి గారు రిటైరైన నర్సు. మగ్గాల గురించి రాసిన చీరాల ఆయన ఇప్పటికీ గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. ఊళ్ళకు కరెంటొచ్చిన కథలు రాసే జార్జి గారు స్తంభాలెక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకున్న లైన్‌మన్. కాలేజీలో చరిత్ర చెప్పే దేవిక గారు కూడా ఉన్నారు లెండి, పాపం ఆవిడ ఒక్కరే. సంపాదకుడు శేషగిరిరావు గారికి కింది మందుల షాపే కూడు పెడుతుంది. జ్వరం బిళ్ళలు కత్తిరించి ఇచ్చే చేత్తోనే పైకొచ్చి ప్రూఫులు దిద్దుతాడు.

బాపట్లలో జాకెట్లు కుట్టే మున్నీసాకు ఆ చివరి పేజీలో తన పేరు చూసుకోవాలని లేదంటే అది అబద్ధమే. కానీ ఆమె కలం పట్టింది అందుకు కాదు. వాళ్ళ నాన్న గొంతు ఆమెకు మరుపున పడిపోతోంది. అది పూర్తిగా పోకముందే పట్టుకోవాలని ఆమె తాపత్రయం.

నాన్న పేరు బుడే సాహెబ్. రేపల్లె పక్కన పెనుమూడి రేవులో లాంచీ సరంగు. వంతెన లేని రోజుల్లో కృష్ణ దాటి అవతల పులిగడ్డకు పోవాలంటే ఆయన చక్రం తిప్పాల్సిందే. బయల్దేరే ముందు లాంచీ అంచున నిలబడి, అరచేయి నోటి దగ్గర పెట్టుకుని కేకేసేవాడు.

“ఎక్కేవాళ్ళెక్కండో... ఏడ్చేవాళ్ళు దిగండో... పులిగడ్డో!”

ఏడ్చేవాళ్ళెవరంటారా? అత్తారింటికి పోయే పిల్లను సాగనంపడానికొచ్చిన చుట్టాలు గట్టు మీద ఏడిస్తే సరిపోదని లాంచీలోకెక్కి మరీ ఏడ్చేవారు. వాళ్ళను దించితే గాని లాంచీ కదలదు. సరంగు కేకతో ఏడుస్తున్నవాళ్ళకు నవ్వొచ్చేది, కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయేవారు.

ఆ సరంగు సొంత కూతురి పెళ్ళయింది. బాపట్ల సంబంధం కాబట్టి లాంచీతో పనిలేదు, రేపల్లె బస్టాండు నుంచి బస్సే. కిటికీ పక్కన కూచున్న మున్నీసా వెక్కివెక్కి ఏడుస్తుంటే, పక్కనెవరో “ఆ కేకొకటి వెయ్యి సాహెబూ, పిల్ల ఊరుకుంటుంది” అన్నారు. ఆయన కిటికీ ఊచ పట్టుకుని “ఎక్కేవాళ్ళెక్కండో...” అన్నాడు. రెండో ముక్క గొంతులోంచి రాలేదు. ఊరందరినీ దించినవాడికి తన కూతురి దగ్గర గొంతు పెగల్లేదు. బస్సు కదిలిపోయింది. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదాయన. వంతెనను చూడలేదు.

ఫోటో ఒకటి మిగిలింది. గళ్ళ లుంగీ మిగిలింది. గొంతును ఏ బీరువాలో దాచుకుంటారు? అందుకే మున్నీసా మిషను తొక్కుతూ ఆ కేకను తనలో తనే అనుకుంటూ ఉండేది, అలవాటు తప్పకుండా. ఒకరోజు కూతురు సుమయా, “అమ్మీ, ఇదేంటి, రోజుకొక రకంగా అంటావు?” అంది. చిన్నపిల్ల కాదు, డిగ్రీ చదివే పిల్ల. ఆ మాట మున్నీసాకు సూది దిగినట్టు దిగింది. ఆ రాత్రికి అన్నం సయించలేదు.

ఆ భయంతోనే రాసింది. రేవు, లాంచీ, డీజిలు కంపు, వరదొచ్చినప్పుడు తాళ్ళు తెగిన సంగతి, అన్నీ రాసింది. కేక దగ్గరకొచ్చేసరికి, “చివరి మాటను పైకెత్తి విడిచేవాడు” అని రాసి, కాసేపు ఆ అక్షరాల వంక చూస్తూ కూచుంది. పైకెత్తేవాడనే గుర్తు.

‘ఊరి జాడ’కు ఒక పట్టింపు ఉంది. కాగితం ఉన్న సంగతైతే సరే. కాగితం లేని సంగతికి మాత్రం రెండిళ్ళ మాట కావాలి. ఒకే ఇంట్లో పదిమంది చెప్పినా అది ఒక్కరి కిందే లెక్క. శేషగిరిరావు గారు ఫోను చేశాడు.

“అమ్మా, చాలా బాగా రాశారు. ఒక్క కేక దగ్గరే ఆగాను. పైకెత్తి విడిచేవాడన్నారు. ఎవరు చెప్పారు?”

“ఎవరో చెప్పడమేంటండి? నేను విన్నానండి. మా నాన్నండి!”

“మీదొక ఇల్లయిందమ్మా. రెండో ఇల్లేది?”

మర్నాడే రేపల్లె బస్సెక్కింది. పాత్రల షాపు తెరవబోతూ మొగుడు నౌషాద్, “మీ నాన్న లాంచీ నడిపాడు, నువ్వు ఆర్టీసీని నడిపేట్టున్నావు” అని నవ్వాడు. నవ్వినా బస్టాండు దాకా బండి మీద దించింది ఆయనే.

పెనుమూడిలో ఇప్పుడేముంది? పైన వంతెన, దాని మీద లారీలు. కింద రేవు ఉండాల్సిన చోట తుమ్మచెట్లు. అయినా ఆ రోజుల్లో రేవులో ఉడకేసిన వేరుశనక్కాయలమ్మిన రాఘవమ్మ దొరికింది. అరుగు మీద కూచుని కళ్ళు చికిలించి చూసింది.

“ఒసే, సరంగు గారమ్మాయివటే! ఎంత దానివైపోయావే! మీ నాన్న నా దగ్గర కాయలు తిని తొక్కలు ఏట్లో విసిరేవాడు.”

“పిన్నీ, నాన్న కేక గుర్తుందా నీకు?” అంటూనే మున్నీసా ఆగలేకపోయింది. తనే చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని కేకేసి చూపించింది. ‘పులిగడ్డో’ అన్నప్పుడు గొంతు పైకి లేపింది.

రాఘవమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. “అట్టాగేనే తల్లీ! అచ్చం అట్టాగే!”

మంగలి షాపులో ముసలాయన, ఒకప్పుడు లాంచీకి సామాన్లెక్కించిన కూలీ, టీ బంకు దగ్గర ఇంకొకాయన, ఎవరిని కదిపినా అదే మాట. అందరి దగ్గరా మున్నీసా ముందు కేకేసింది, అందరూ తలూపారు. ఒక ఇల్లడిగితే నాలుగిళ్ళు తెచ్చాననుకుంటూ ఆమె బస్సులో కూచున్నంతసేపూ గాల్లో తేలింది.

ఆ వారంలోనే తెనాలి వెళ్ళి మేడ మెట్లెక్కి నాలుగు పేర్లూ చెప్పింది. శేషగిరిరావు గారు అన్నీ విని ఒక్క మాటే అడిగాడు.

“కేక ముందు ఎవరన్నారమ్మా? రాఘవమ్మ గారా, మీరా?”



“నేనేనండి.”

“మిగతా ముగ్గురి దగ్గర?”

“...నేనేనండి.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నువ్వే వండి, నువ్వే వడ్డించి, ఎట్టా ఉందని అడిగితే ఎదురుగా కూచున్నవాడు బాగుందనక ఏమంటాడమ్మా? వాళ్ళు విన్నది మీ గొంతు. మీ నాన్నగారిది కాదు.”

మున్నీసాకు ఒళ్ళు మండింది. “మీకు స్టాంపు కొట్టిన కాగితముంటేనే మా నాన్న నాన్నవుతాడాండి? ముసలాళ్ళు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారండి!”

“పెట్టుకుంటారమ్మా. మీరెట్టా అన్నా పెట్టుకునేవాళ్ళే.” గొంతు పెంచలేదాయన. “ఆ వాక్యం తీసేసి మిగతాది ఈ సంచికలో వేసుకుందాం. లేదా ఆగుదాం. మీ ఇష్టం.”

“ఆగుదామండి” అని విసవిసా మెట్లు దిగిపోయింది.

కోపం స్టేషను దాకానే నిలిచింది. బాపట్ల రైలు కదలగానే బుట్ట నెత్తిన పెట్టుకుని సమోసాల అబ్బాయి వచ్చాడు. దారాలకూ లైనింగు గుడ్డకూ తెనాలి వచ్చిన ప్రతిసారీ ఆ బుట్టవాళ్ళను వినడం మామూలే. “వేడి వేడి సమోసా... ఉల్లి సమోసా... సమోసో!” అన్నాడు వాడు. చివర్న గొంతు పైకెత్తి విడిచాడు.

మున్నీసా అట్లాగే ఉండిపోయింది. అదే వరస. తను మిషను మీద అనుకుంటున్నదీ, రాఘవమ్మకు వినిపించిందీ, వ్యాసంలో రాసిందీ ఇదే. నాన్న ఎప్పుడు జారిపోయాడో, ఆ ఖాళీలోకి ఈ సమోసాలెప్పుడు వచ్చి కూచున్నాయో ఆమెకు తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

“ఏంటక్కా, చిల్లర లేదా? పర్లేదు తీసుకో, తర్వాతిద్దువులే” అన్నాడు వాడు, పాపం.

ఇంటికెళ్ళి రాఘవమ్మకు ఫోను చేసింది. “పిన్నీ, నేనన్నది మర్చిపోయి, నీకు గుర్తున్నట్టు ఒకసారి అనవా?” రాఘవమ్మ హుషారుగా అంది. అచ్చం సమోసాలబ్బాయే. చేతులారా పాడు చేసుకుంది. పెనుమూడిలో నాన్నను విన్న చెవులు మిగిలినవే నాలుగు జతలు, ఆ నాలుగింట్లోనూ ఆయన్ను తుడిచేసి తనే కూచుని వచ్చింది. ఇది ఎవరితో చెప్పుకుంటుంది? నౌషాద్‌తో చెబితే, “పోనీలే, నువ్వు అన్నదే మీ నాన్న కేక అనుకో” అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు గాని, ఆమెకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఆ తర్వాత మిషను దగ్గర కేక మానేసింది. కోయిల ఎక్కడన్నా కూసినా, ఆటోవాడు ‘పొన్నూరు, పొన్నూరు’ అని అరిచినా చెవి అటే పోయేది, మనసు మాత్రం రేవులోనే వెతుక్కునేది.

కొత్త సంచిక అచ్చయి వచ్చిన రోజున దగ్గరి ఊళ్ళ రచయితలు తెనాలి వచ్చి, మేడ మీద చాపలేసుకుని, కవర్లకు అడ్రసులంటించడం ‘ఊరి జాడ’లో ఆనవాయితీ. టీ, మిక్చరు సంపాదకుడి ఖర్చు. తన వ్యాసం లేకపోయినా మున్నీసా వెళ్ళింది. కోపం పోయి చాలా రోజులైంది.

ఆమెకు ఎదురుగా, పిట్టలవానిపాలెం నుంచి వచ్చిన జార్జి గారు మోకాళ్ళు చాపుకుని స్టాంపులంటిస్తున్నాడు. మాటల్లో రత్నకుమారి గారు ఆయన భార్య సంగతెత్తింది. పోయి ఏడాది దాటిందట. “నాకు కరెంటు పని నేర్పింది డిపార్టుమెంటైతే, పరుగు నేర్పింది మా అత్తగారి ఊరమ్మా” అని నవ్వాడాయన. “అవతలొడ్డు వాళ్ళది. కాన్పుకు పంపించి వారం వారం పెనుమూడి రేవు దాటేవాణ్ణి.”

మున్నీసా చేతిలో కవరు జారిపోయింది. నోటి దాకా కేక వచ్చేసింది. చీర కొంగు గట్టిగా నోటికడ్డం పెట్టుకుంది. బంక బ్రష్షు పట్టుకున్న శేషగిరిరావు గారు చెయ్యి అట్లాగే గాల్లో ఆపేసి, ఎవరూ మాట్లాడొద్దని కళ్ళతోనే చెప్పాడు.

“అక్కడ...” మున్నీసా గొంతు సవరించుకుంది, “అక్కడ లాంచీ ఎట్టా బయల్దేరేది బాబాయి గారూ?”

“ఎట్టాగేంటి, సరంగు కేకేసేవాడు. ఎప్పుడూ నాకు లేటే. గట్టు మీద సైకిలు పారేసి పరిగెత్తేవాణ్ణి. కేకలో మూడో ముక్క పడిందా, తాడు విప్పేసేవాళ్ళు. అందుకని మూడో ముక్క కోసం చెవులు రిక్కించి పరిగెత్తేవాణ్ణమ్మా.”

“ఏమని కేకేసేవాడు?”

ఆయన స్టాంపులు పక్కన పెట్టాడు. గోడ పట్టుకుని లేచి, అరచేయి నోటి దగ్గర పెట్టుకున్నాడు. అదెవరూ ఆయనకు చెప్పింది కాదు.

“ఎక్కేవాళ్ళెక్కండో... ఏడ్చేవాళ్ళు దిగండో...” ఇక్కడ ఊపిరి తీసుకున్నాడు. “పులిగడ్డో.”

ఆ చివరి మాట పైకి లేవలేదు. నెత్తి మీది గంప నెమ్మదిగా గట్టున దించినట్టు కిందికి దిగింది. మున్నీసా ఒంటికంతా తెలిసిపోయింది. ఎవర్నీ అడగక్కర్లేదు. డీజిలు కంపు వచ్చింది, నాన్న చొక్కా వచ్చింది.

“ఇంకోసారి అనండి బాబాయి గారూ. మీ కాళ్ళు పట్టుకుంటా, ఇంకోసారి.”

ఆయన అన్నాడు. మళ్ళీ గోడ పట్టుకుని కూచున్నాడు. “వచ్చేటప్పుడు మా ఆవిడ నన్ను సాగనంపడానికి అవతల రేవులో లాంచీలోకెక్కేది. సాహెబు ఊరుకునేవాడు కాదు. ‘ఏడ్చేవాళ్ళు దిగండో’ అని ఆమె మొహంలోకి చూసి అనేవాడు. ఆమెకు నవ్వాగేది కాదు. ఆయన మీకు...?”

“మా నాన్నండి.”

శేషగిరిరావు గారు లోపలికి వెళ్ళి, ఆగి ఉన్న వ్యాసం తెచ్చాడు.

“‘పైకెత్తి’ కొట్టెయ్యమంటారా అమ్మా?”

“కొట్టెయ్యండి. కిందికి దించేవాడని రాయండి.”

“ఒక ఇల్లు జార్జి గారిది. రెండోది?”

“మాదేనండి” అంది. అని, తనే నాలిక కరుచుకుంది. “కానీ నేను ఆయనది విన్నాక చెబుతున్నాను కదండి. మీ లెక్క ప్రకారం చెల్లదేమో.”

ఆయన కలం అందుకున్నాడు. “తను రాసింది తప్పని తనే కొట్టేయించే సాక్షి నాకింతవరకూ దొరకలేదమ్మా. చెల్లుతుంది.” కలం మూత తీసి, “చివరి పేజీలో మీ గురించి ఏం వెయ్యమంటారు?” అని అడిగాడు.

“మున్నీసా, సరంగు కూతురు అని వెయ్యండి. జాకెట్ల సంగతి తర్వాత.”

సాయంత్రం బస్టాండులో బాపట్ల బస్సు కిటికీ పక్కన కూచుంది. జార్జి గారు దించడానికి వచ్చాడు. ఆయన తెనాలిలోనే చెల్లెలింట్లో ఉండి మర్నాడు వెళ్తాడట. రేపల్లె బస్టాండు సంగతి మున్నీసా ఎవరికీ చెప్పలేదు, ఎప్పుడూ చెప్పుకోలేదు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ఎందుకో ఆమెకు ఏడుపు ఆగలేదు. కొంగుతో ఎంత తుడుచుకున్నా కారుతూనే ఉంది.

జార్జి గారు అది చూసి నవ్వి, కిటికీ ఊచ పట్టుకుని, బస్టాండంతా తిరిగి చూసేలా కేకేశాడు.

“ఏడ్చేవాళ్ళు దిగండో...!”

ఇన్నేళ్ళూ ఆ రెండో ముక్క కోసమే ఆ కిటికీ పక్కన కూచున్నట్టుంది మున్నీసాకు. ఏడుస్తూనే పకపకా నవ్వింది. దిగలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, మూడో ముక్క తనే అంది, గొంతు కిందికి దించి.

బస్సు కదిలింది.