పాత స్టాకు, కొత్త ధర

ఈ సాయంత్రం అమ్మ షుగరు మాత్రల కోసం మా ఊరి సెంటర్లో మందుల షాపుకి వెళ్ళాను. ఆ మాత్రల ధరని ప్రభుత్వం తగ్గించిందని పేపర్లో చదివే వెళ్ళాను. షాపాయన మాత్రం అట్ట మీదున్న పాత ధరే అడిగాడు.

"ధర తగ్గిందిగా అండీ?"

"అది కొత్త స్టాకుకమ్మా. ఇది తగ్గించకముందు వచ్చిన సరుకు. మేం నష్టపోవాలా?"

నాకు ఒళ్ళు మండింది. "మా మిర్చి బస్తాలు, ఆ టిక్కీలన్నీ పోయినేడాది మంచి రేటున్నప్పుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టాం. మొన్న గుంటూరు యార్డుకి తీసుకెళ్తే పాత స్టాకని పాత రేటిచ్చారా? ఆ రోజు రేటుకే అమ్ముకుని వచ్చాం. మీరూ ఈ రోజు రేటుకే ఇవ్వండి. ఇచ్చేదాకా నేను కదలను."

అక్కడే ఉన్న బల్ల మీద కూర్చున్నాను. వెనక నిలబడ్డ పెద్దాయన, "అమ్మాయి చెప్పింది నిజమే. నాకూ ఆ రేటే వెయ్యవయ్యా" అంటూ పక్కన కూర్చున్నాడు.

షాపాయన ఎవరికో ఫోన్ చేశాడు. చివరికి కొత్త ధరకే ఇస్తూ, గొంతు తగ్గించి అన్నాడు: "మావీ ఉన్నాయమ్మా, కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు."

జాలేసింది. అయినా నేను పాత ధర మాత్రం ఇవ్వలేదు. మీ ఊళ్ళో ఏ ధరకి ఇస్తున్నారు? రేపు అడిగి చూడండి, కూర్చుని మరీ.