పన్నెండు అరల శాంతయ్య

శాంతయ్య సారుకు ఒక్కటే పిచ్చి. ఎదుటివాడు ఏం చెప్పినా అది ఏ రకం నిర్ణయమో తేల్చందే ఆయనకు ముద్ద దిగదు. మనిషి బుర్రలో పుట్టే నిర్ణయాలు, అంటే 'ఇది ఇంతే' అని తేల్చే మాటలు, సరిగ్గా పన్నెండు రకాలనీ, పదమూడోది బ్రహ్మ కూడా పుట్టించలేడనీ ఆయన వాదం. కర్నూలు రాజధానిగా ఉండి, ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజులవి. కాలేజీలో తర్కం చెప్పే ఆ సారు వడ్రంగి ఏసన్న చేత పన్నెండు అరల బీరువా చేయించి, స్టాఫ్ రూములో పెట్టించి, విన్న ప్రతి మాటనూ చీటీ మీద రాసి అందులో పడేసేవాడు.

దోసకాయలామె "అన్నీ తియ్యగుంటాయి సారూ" అంటే, "ఇది 'అన్నీ' అరలోది" అని రాసుకున్నాడు. కొరికితే చేదు. "ఏం పరవాలేదమ్మా, 'కొన్ని' అరలోకి మారుస్తా" అని ఆమెనే ఓదార్చాడు. భార్య నాగలక్ష్మమ్మ "వానొస్తే వడియాలు తీయండి" అని చెప్పిపోతే, ఆ మాట భద్రంగా 'అయితే' అరకు చేరింది. వడియాలు మాత్రం వానలో నానాయి.

స్టాఫ్ రూము ఊడ్చే సుంకులమ్మకు ఈ గోలంతా తెలుసు. శనివారం శనివారం గంపలోని చిత్తుకాగితాలతో టీ పొయ్యి రాజేయడం అక్కడి ఆనవాయితీ. అరలు నిండిపోయి, సారు ఆరు నెలల చీటీలు ఆ గంపలోనే పోశాడని ఆమెకెవరు చెప్పారు? ఆయన రాస్తున్న పుస్తకానికి ఆ చీటీలే ప్రాణం. అన్నీ బూడిదయ్యాయి.

ఆ సంగతి ఎవరో ప్రిన్సిపాలు చెవిన వేశారు. సోమవారం ఆయన స్టాఫ్ రూముకే వచ్చాడు. సుంకులమ్మ చీపురు పట్టుకుని ఓ మూలకు ఒదిగింది. ఇంట్లో ముగ్గురు మనవరాళ్లు ఆ జీతం మీదే బతుకుతున్నారు.

"ఏమయ్యా శాంతయ్యా, ఈమె కాల్చిందా, లేదా? ఒక్క మాట చెప్పు. ఈ పొద్దే పనిలోంచి తీసేస్తా."

శాంతయ్య బీరువా అరలన్నీ ఒకసారి తడిమి చూశాడు. "చెప్పలేను సార్."

"అదేందప్పా! ఇంతకీ ఈ మాట ఏ అరలోది?"

"ఏ అరలోనూ పట్టదు సార్. పన్నెండు చాలవు."

లెక్కల సారు ఆంజనేయ బల్ల చరిచి నవ్వాడు. పన్నెండు చాలవని వాదిస్తూ, పదకొండేళ్లుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నాడాయన. గదంతా నవ్వింది. "కాయితాలు పోయినోడే చెప్పలేకుంటే నేనేం చేసేది?" అంటూ ప్రిన్సిపాలు వెళ్లిపోయాడు.

సుంకులమ్మ వరండాలో సారు వెంటపడింది. "సామీ, కాల్చింది నేనే కదా! మీ ముందరే కాలిస్తి. పొయ్యి బాగా అంటుకునిందని నేనంటే ఆ మాటా రాసుకుంటిరి. టీ గూడా తాగితిరి!"

"తాగినా. శానా బాగుండె."

"మరి పన్నెండు చాలవంటిరే?"

సారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పన్నెండే సుంకులమ్మా. పదమూడోది యాడిది? ఆంజనేయకు మాత్రం చెప్పొద్దు. పాపం, ఇన్నేండ్లకు గెలిచినాడు."