ఉద్దానంలో అన్నయ్య బంతాట

ఆ రోజుల్లో మా ఉద్దానంలో చదువంటే ఉద్యోగం కోసమే. ఆట కోసం చదువుకునేవాడు ఒకడుంటాడని ఎవరికీ తోచేది కాదు. అందుకే చెన్నపట్నం కాలేజీలో చదువు ముగించుకుని అన్నయ్య పలాస స్టేషనులో దిగి ఇంటికొచ్చినప్పుడు, అతని భుజం మీదున్న గుండ్రటి కర్రను చూసి మా అమ్మ, "రోకలి కోసం అంత దూరమెల్లాలేటి నాయినా?" అంది. అది బేస్‌బాల్ అనే ఆటలో బంతిని కొట్టే కర్ర అనీ, ఒక అమెరికా దొర నేర్పాడనీ అన్నయ్య ఎంత చెప్పినా, అమ్మ దాన్ని తీసుకెళ్లి రోకళ్ల పక్కనే నిలబెట్టింది. (అక్కడ అది బాగానే ఇమిడింది కూడా.)

ఆ ఆట పుణ్యమా అని అన్నయ్యకు టెక్కలి బడిలో డ్రిల్లు మాస్టారు పని దొరికింది, అదీ తాత్కాలికంగా. దొర దగ్గరే నేర్చుకున్న అన్నయ్య స్నేహితుడు పొరుగూళ్లో ఒక జట్టును తయారుచేశాడు. ఆ జట్టుతో పోటీలో పిల్లలు బడి పరువు నిలబెడితే ఉద్యోగం ఖాయం చేస్తానన్నారు హెడ్మాస్టరుగారు. లేకపోతే ఇంటికొచ్చి తోట చూసుకోమన్నాడు నాన్న.

చిక్కల్లా మా పిల్లలతోనే వచ్చింది. కొట్టిన బంతి నేలను తాకకముందే పట్టుకుంటే కొట్టినవాడు అవుటు. కానీ మావాళ్లు కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినవాళ్లు. పైనుంచి గుండ్రంగా ఏది పడుతున్నా తల మీద చేతులు పెట్టుకుని దూరంగా పరిగెత్తడం వాళ్లకు నడకతోపాటే వచ్చింది. బంతి పైకి లేచిందంటే మైదానం ఖాళీ.

ఒక ఆదివారం ఇంటికొచ్చిన అన్నయ్య అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. వడ్డిస్తున్న నాకు జాలేసింది. "రథం మీంచి అరిటిపళ్లు ఇసిరితే మనోళ్లు ఒక్కటీ కిందడనివ్వరు కదా అన్నియ్యా. బంతిని పెసాదం అనుకోమని సెప్పు," అన్నాను. నాకు తెలిసిన లోకమంతా గుడీ, ఇల్లూ. మరో ఉపాయం ఎక్కణ్ణుంచి వస్తుంది? అన్నయ్య నవ్వాడు గాని, వెళ్లి అలాగే చెప్పాడు.

పోటీనాడు నాన్నతో గూడుబండిలో కూర్చుని చూశాను. ఒక్కడూ పారిపోలేదు. ఆఖరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అవతలివాడు బంతిని ఆకాశానికి కొట్టాడు. మావాళ్లలో పొడుగోడని ఒకడుండేవాడు, వాడు దోసిలి పట్టి అందుకున్నాడు. కొట్టినవాడు అవుటే గాని, అంతకుముందే కొట్టి సగం దారిలో ఆగి ఉన్నవాడు బంతి పట్టాక పరిగెత్తొచ్చు; వాణ్ణి ఆపడానికి బంతిని వెంటనే విసిరేస్తే సరిపోయేది. వాడు కళ్లు మూసుకుని బంతిని భక్తిగా కళ్లకద్దుకున్నాడు. ఈలోగా ఆ సగం దారిలో ఉన్నవాడు బయల్దేరి, చుట్టు పూర్తిచేసి పరుగు సాధించాడు. మావాళ్లు ఓడిపోయారు.

అన్నయ్య ఎందుకలా చేశావని అడిగితే వాడు బిత్తరపోయి, "అద్దుకోకుండా ఎలాగండి మేస్టారూ?" అన్నాడు.

హెడ్మాస్టరుగారు మా బండి దగ్గరికి వచ్చారు. తల మీద చేతులతో పరిగెత్తిన పిల్లల్ని ఇలా నిలబెట్టినవాణ్ణి వదులుకోనని నాన్నతో చెప్పారు. నాన్న బండి దిగి, అన్నయ్య భుజం మీది దుమ్ము దులిపి, "తోట నాను సూసుకుంతాన్లే," అన్నాడు. అన్నయ్య ఆ బడిలోనే తల నెరిసేదాకా పిల్లలను ఆడించాడు.

నేను మాత్రం గెలుపు కోసం మొక్కుకున్నానాయె. ఆ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టాను గాని, దణ్ణం పెట్టకుండా మూతి ముడుచుకుని వచ్చేశాను. అన్నయ్య బతుకంతా నిలబెట్టిన ఆ దేవుడితో ఒక్క పరుగు కోసం అలిగిన ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆయన మాత్రం ఏమీ అనుకున్నట్టు లేదు.