కథతో పాటు పంపిన ఉత్తరం

తొమ్మిదేళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మాది గుంటూరు జిల్లాలో పత్తి, మిరప పండే మండలం. తహసీల్దారు ఆఫీసు ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. అర్జీలు టైపు చేసి పెడతాను. ఖాళీ దొరికితే కథలు రాసేవాణ్ణి. ఒక పత్రికకు ఏడు కథలు పంపితే ఏడూ వద్దన్నారు. ప్రతిదానితోనూ అందరూ రాసే ఉత్తరమే రాసేవాణ్ణి: ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, మరెక్కడికీ పంపలేదు.

ఒక వేసవిలో ఒకామె అర్జీ రాయించుకోవడానికి వచ్చింది. కౌలు చేలో పత్తి పోయి, ఆమె భర్త పురుగుమందు తాగి చనిపోయాడు. ఆమె పేరు ఇక్కడ రాయను. వివరాలు అడుగుతుంటే నేను అడగనిది కూడా చెప్పింది. అతను పోయిన రోజు పొద్దున ఇద్దరూ గొడవపడ్డారట. కోపంలో "చస్తే చావు, నాకు పీడ పోద్ది" అందట. అతను అటునుంచటే చేనికి వెళ్లిపోయాడు.

"ఇది అర్జీలో రాయమాకండి. మీతోనే అన్నాను," అంది.

అర్జీలో రాయలేదు. కథలో రాశాను.

పేర్లు మార్చాను. కథ వరకే అయితే ఇంత జరిగేది కాదని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. నమ్ముతానా? ఏమో. కానీ ఉత్తరం దగ్గర ఆగలేకపోయాను. ఎనిమిదోసారీ వద్దంటారన్న భయంతో, మామూలు ముక్కల కింద ఇంకో మూడు వాక్యాలు చేర్చాను. ఇది కల్పన కాదనీ, ఫలానా ఊళ్లో ఈ ఏడాది చనిపోయిన కౌలు రైతు భార్య స్వయంగా నాతో చెప్పిందనీ, ఆమె అన్న మాటను ఉన్నదున్నట్టు ఉంచాననీ. ఊరి పేరు రాశాను. ఎందుకు? సంపాదకుడు నమ్మాలని. అంతకు మించి కారణమేమీ లేదు.

కథ నా కలం పేరుతో అచ్చయింది; ఆ పేరు నాదని ఇక్కడ ఎవరికీ తెలియదు. పైన చిన్న పెట్టెలో ఆ మూడు వాక్యాలూ వేశారు. చూసి మురిసిపోయాను.

ఆ ఊళ్లో ఆ ఏడాది అలా పోయిన కౌలు రైతు ఒక్కడే. పేజీ ఫోన్లలో తిరిగింది. రెండు నెలలకు ఆమె ఆ పేజీ పట్టుకుని షాపుకొచ్చింది.

"మా అత్త నన్ను ఇంట్లోకి రానియ్యట్లేదండి. నా కొడుకుని నువ్వే చంపావంటంది. పిల్లని కూడా వాళ్లే ఉంచేసుకున్నారు."

నేను పేజీ చదువుతున్నట్టు తల దించుకున్నాను.

"ఆ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదండి."

"గొడవపడ్డప్పుడు పక్కింటివాళ్లు విని ఉంటారమ్మా," అన్నాను.

ఆమె నా మొహంకేసి చూసి, పేజీ మడిచింది.

"అంతేనేమోలెండి. నేనట్టా అనలేదని ఆ పత్రికోళ్లకి ఒక కాయితం రాసి పెట్టండి. అచ్చేస్తే మావాళ్లకి చూపిస్తా."

ఆమె చెబుతుంటే టైపు చేశాను. సంతకం పెట్టింది. పోస్టు చేస్తానని చెప్పి తీసుకున్నాను. చేయలేదు. అప్పటికే ఆ పత్రికవాళ్లు నా ఇంకో కథ తీసుకున్నారు. ఈ కాగితం చేరితే సంపాదకుడు నన్ను నిలదీస్తాడు, ఆ కథ ఆగిపోతుంది. ఒక మనిషి బతుకు ఒక పక్క, నా కథ ఇంకో పక్క ఉంటే నేను ఎటు మొగ్గానో అర్థమైందా? ఆలోచించడానికి ఎక్కువసేపు కూడా పట్టలేదు.

జవాబు వచ్చిందా అని మూడుసార్లు వచ్చి అడిగింది. రాలేదన్నాను. తర్వాత రావడం మానేసింది. ఒంగోలు దగ్గర రొయ్యలు ఒలిచే పనికి పోయిందని విన్నాను.

పోయినేడు ఆమె కూతురు కాలేజీ దరఖాస్తు నింపించుకోవడానికి వచ్చింది. ఊరు, తండ్రి పేరు చెప్పగానే ఎవరో తెలిసింది. తల్లి పేరు అడిగాను.

"అది ఖాళీగా వదిలేయండి," అంది.

వదలకూడదు, రాయాలి అన్నాను. గోడకేసి చూస్తూ చెప్పింది. ఆ పేరు టైపు చేశాను. మీ అమ్మ తప్పు లేదమ్మా అనాల్సింది అప్పుడే. అనలేదు. కాగితం చేతికిచ్చి పంపించాను.

ఈ నెల ఆ కథను ఒక సంకలనంలో, ఆ మూడు వాక్యాలతో సహా వేస్తామని అడిగారు. వద్దని రాశాను. కారణం చెప్పలేదు. ఆమెను వెతుక్కుంటూ వెళ్లే ధైర్యం ఈ రోజుకీ లేదు. వెళతానని మీకు మాటివ్వలేను కూడా.

మీతో చెప్పాక మనసు కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గుగా ఉంది.