పచ్చిక అంచున విప్పిన చెప్పులు

సంబంధిత అధికారులకు, వారు ఎవరైనప్పటికీ, సవినయంగా విన్నవించుకోవడమేమనగా (ప్రతి: మా బడి మిత్రులకు):

నిన్న, ఇక్కడే షార్జా వర్క్‌షాపులో పనిచేసే చిన్ననాటి స్నేహితుడు మల్లేశ్‌తో కలిసి ఇక్కడి ఒక ఫుట్‌బాల్ క్లబ్ మ్యూజియం, స్టేడియం సందర్శించాను. తడి పచ్చిక వాసన తగలగానే మా బడి మైదానం గుర్తొచ్చింది. సైకిల్ ట్యూబు ముక్కలు బిగించిన ఆ గుడ్డబంతి మీకూ గుర్తుందా? ఆటకు ముందు అందరం చెప్పులు బయట విడిచి, నేలను తాకి కళ్లకద్దుకునేవాళ్లం.

మల్లేశ్ పచ్చిక అంచున సరిగ్గా అదే చేశాడు. తోటి పర్యాటకులు వింతగా చూశారు.

"తొడుక్కోరా, ఇజ్జత్ పోతది," అన్నాను.

"గింతల్నే మరిసిపోయినవా రా? ఖలాస్, నడువ్," అని తొడుక్కున్నాడు. తిరుగు ప్రయాణమంతా కిటికీలోంచి బయటికే చూశాడు.

కావున, డిమాండ్ సంఖ్య ఒకటి: మమ్మల్నిద్దరినీ మళ్లీ అక్కడికి అనుమతించి, ముందుగా నా బూట్లు విప్పించవలెను.